ఎడమచేతి మెలి

పోయిన వారం తప్పిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. చదివినవాళ్ళు ఈ పేరా దాటేసి వెళ్ళినా నేనేమీ అనుకోను. అది స్పీకర్లు బాగుచేసే ఇల్లు. ముందు గదుల్లో కాపురం, వెనక గదిలో రిపేర్లు. పెద్దాయన నలభై ఏళ్ళ కిందట మొదలుపెట్టిన పని ఇప్పుడు కోడలి చేతిలో ఉంది. వీధిలో అందరూ ఆమెను రిపేరమ్మ అనే పిలుస్తారు. ఆమె భర్త బేరాలు మాట్లాడతాడు, పెట్టెలు మోస్తాడు, మిగతా సమయమంతా తనకు అన్నీ తెలుసనుకుంటాడు. ఆ ఇంటి హాల్లో నడుమెత్తు స్పీకర్ పెట్టెలు రెండున్నాయి. ఎనిమిది నెలల్లో మూడోసారి వాటి గొంతు పోయింది. మొదటి రెండుసార్లూ గసిరి ఊరుకున్న తండ్రి, ఈసారి పదిహేనేళ్ళ కూతురి మీద విరుచుకుపడ్డాడు. ఆ పిల్లను ఇంట్లో పిడుగు అంటారు. పాటంటే చెవి కోసుకుంటుంది, అదీ కిటికీ అద్దాలు గలగలలాడేలా పెట్టుకుని. "నేను కాదు నాన్నా" అంది. ఎవరు నమ్ముతారు? "నేను కాదంటే కాదు" అని నాలుగు జతల బట్టలు సంచిలో కుక్కుకుని, రెండు వీధుల అవతలున్న మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది. ఆరు రోజులైంది. ఇక్కడేమో తల్లి వాటిలో ఒక పెట్టె వెనక పలక విప్పి, లోపల ఏదో చూసి, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఏం చూసిందో చెబుతాను. దానికి ముందు స్పీకర్ ఎలా చస్తుందో మీకు తెలియాలి.

రెండు చావులున్నాయి. ఒకటి చిరిగి చావడం. కింద ఉండే పెద్ద స్పీకర్‌ని దబదబా కొట్టించి కొట్టించి కాగితం డిప్ప చించేస్తారు. అది కుర్రకారు పని, ఎవరైనా కంటితో చూసి చెప్పొచ్చు. రెండోది కాలి చావడం. పైన బొట్టుబిళ్ళంత ఉండే చిన్న స్పీకర్, ట్వీటర్ అంటారే, సన్నటి శబ్దాలన్నీ పలికేది, దాని లోపల వెంట్రుకలాంటి తీగచుట్ట ఉంటుంది. ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తిప్పామనుకోండి, పాట నెత్తి తెగి బల్లపరుపుగా తయారవుతుంది. ఆ తెగిన పాటంతా వేడై వెళ్ళి ఆ చిన్న చుట్టలో కూర్చుంటుంది. పైకి ఏమీ కనిపించదు. విప్పి చూస్తే మాత్రం గోధుమరంగు, మాడిన వాసన.

ఈ సంగతి ఆ ఇంట్లో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఎందుకంటే పెద్దాయన వచ్చినవాళ్ళందరికీ అదే పాఠం చెప్పేవాడు. "చిన్న ఆంప్లిఫయర్‌ని అరిపించకండి బాబూ, పెద్దదాన్ని కొని సగంలో ఉంచుకోండి. పాట పగిలినట్టు వినిపిస్తే ముందు తగ్గించండి, తర్వాత ఆలోచించండి. ట్రెబుల్ మధ్యలో ఉంచండి." తన సొంత ఆంప్లిఫయర్ వాల్యూమ్ గుబ్బ పక్కన గోళ్ళరంగుతో ఎర్రచుక్క కూడా పెట్టాడు. ఆ చుక్క దాటితే పాట కాదు, పొయ్యి అనేవాడు.

రెండోసారి కాలినప్పుడు రిపేరమ్మ ఆ చిన్న స్పీకర్లకి చెరో ఫ్యూజు బిగించింది. వేడి మితిమీరితే ఆ గాజు గొట్టంలో తీగ తెగిపోతుంది, స్పీకర్ బతుకుతుంది. మూడోసారి తెగాల్సింది ఫ్యూజు. పలక విప్పి చూస్తే ఫ్యూజు రెండు కొసలనీ కలుపుతూ, దాన్ని ఉత్త అలంకారం చేసేస్తూ, ఒక రాగితీగ ముక్క ఉంది. టంకం వేసి మరీ అతికించారు. పిడుగుకి టంకం ఇనుము ఏవైపు పట్టుకోవాలో కూడా తెలియదు.

ఆమె టార్చి వేసి దగ్గరగా చూసింది. టంకం వేసే ముందు తీగను రెండున్నర చుట్లు మెలిపెట్టి, కొస అడ్డంగా కత్తిరించారు. పనిమంతుల పద్ధతి. పైగా మనమందరం తీగను కుడివైపుకి తిప్పుతాం. ఆ మెలి ఎడమవైపుకి తిరిగి ఉంది.

ఆ ఇంట్లో ఎడమచేతివాటం మనిషి ఒక్కడే.

రిపేరమ్మ టార్చి ఆర్పి మళ్ళీ వేసింది. మామగారా? ఫ్యూజుకి అడ్డతీగ వేసినవాడు మా షాపు మెట్లెక్కొద్దని మనుషుల్ని తరిమేసిన మామగారా? కాదనుకోవడానికి ఎంత ప్రయత్నించినా ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. కాలింగ్ బెల్లు చెడిపోయిందని ఆయన గోల పెడితే కొడుకు రెండుసార్లు బ్యాటరీ మార్చాడు. టీవీలో వార్తలు చదివేవాళ్ళు ఈమధ్య నమిలేస్తున్నారని ఆయన విసుక్కున్నాడు. ఈ కాలం పిట్టలకి కూయడం కూడా చేతకావడం లేదని ఒక పొద్దున అంటే అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

లేచి కూతురికి ఫోన్ చేసింది.

"ఒక్క సంగతి చెప్పవే. నువ్వు స్కూల్లో, నేను బజార్లో ఉన్నప్పుడు, మధ్యాహ్నాలు తాతయ్య పాటలు పెట్టుకుంటారా?"

అవతల టీవీ చప్పుడు ఠక్కున ఆగింది, తలుపు మూసిన చప్పుడైంది.

"నన్నడక్కమ్మా. ఇంకేమైనా అడుగు" అని ఫోన్ పెట్టేసింది.

తల్లికి ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది. స్కూలు నుంచి తొందరగా వచ్చిన ఏ రోజో చూసే ఉంటుంది. ఆరు రోజులుగా ఆ పిల్ల తాతను కాపాడుతోంది, తామందరూ కలిసి దాన్ని దోషిని చేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే కోపం వచ్చింది. రాగితీగ ముక్కను ఫ్యూజుతో సహా కత్తిరించి గుప్పిట్లో పెట్టుకుని వెనక గదిలోకి నడిచింది.

వెనక గది గురించి ఒక్కమాట. అక్కడ కిటికీ పక్కన నున్నటి చెక్క స్టూలు ఉంది. బాగుచేసిన ప్రతి పెట్టెనూ ఆ స్టూలు ఎదురుగా పెడతారు. రిపేరమ్మ పరీక్ష శబ్దాలు పెడుతుంది, అడుగునుండే బొంగురువాటి నుంచి పైనుండే సన్నటివాటి దాకా. పెద్దాయన కూర్చుని వింటాడు. బాగుంటే "పాస్" అంటాడు, సుద్దముక్కతో పెట్టె వెనక టిక్కు కొడతాడు. ఆ టిక్కు లేనిదే పెట్టె గుమ్మం దాటదు. "పెద్దాయన విన్నారా?" అన్న ఒక్క ప్రశ్న తప్ప వచ్చేవాళ్ళు ఇంకేమీ అడగరు. ఆ షాపుకి బోర్డు కూడా లేదు.

పెద్దాయన బల్ల ముందు కూర్చుని డిప్పలకి జిగురు రాస్తున్నాడు. డెబ్భై రెండేళ్ళు. చేతులు ఇంకా వణకవు.

నేరుగా గుప్పిట విప్పి చూపిద్దామనే వచ్చింది. ఆయన్ని చూశాక చెయ్యి విప్పుకోలేదు. స్టూలు ఎదురుగా ఉన్న పెట్టెను చూపిస్తూ వేరే మాట అంది.

"మామయ్యా, ఈ పెట్టె ఒకసారి వింటారా? పైశబ్దం ఒక్కటే చాలు. కిందవి నేను చూసేశాను."

"దానికేం భాగ్యం" అని ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎప్పటిలాగే కోడలి వంక చూశాడు.

ఆమె ఎప్పుడూ చేసేవన్నీ చేసింది. శబ్దాల మిషను ఆన్ చేసింది, గుబ్బ తిప్పింది. ఒక్కటి మాత్రం చేయలేదు. పెట్టెకి తీగ కలపలేదు. ఆ కొస ఆమె కొంగు కింద ఉంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

రావట్లేదేంటమ్మా అంటాడని ఎదురుచూసింది. అనమని లోపల బతిమాలుకుంది. ఆయన అనలేదు. తదేకంగా ఆమెనే చూస్తున్నాడు. ఆయన చెవి పక్క జుట్టులో సుద్దపొడి అంటుకుని ఉంది, చిన్నపిల్లాడిలా. అంత బాధలోనూ ఆమెకి ఒక్క క్షణం నవ్వొచ్చింది.

"పాస్" అన్నాడు పెద్దాయన వెంటనే, సుద్దముక్క కోసం చెయ్యి చాపుతూ.

ఆమె కొంగు కిందినుంచి తీగ కొస తీసి ఆయన ముందు పట్టుకుంది. రెండో చేతి గుప్పిట విప్పింది. మెలితీగ, దాని పక్కన ఫ్యూజు.

ఆయన తీగ కొసను చూశాడు. గుప్పిట్లోది చూశాడు. సుద్దముక్క మళ్ళీ దాని డబ్బాలో పెట్టేశాడు. తల తీసేసినట్టయిన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. ఆ పరీక్ష పెట్టినందుకు రిపేరమ్మకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"మంచి టంకం కదూ" అన్నాడు చివరికి, ఆ ముక్క వంక చూస్తూ.

"మామయ్యా..."

"ఎదురుగా ఉండి మాట్లాడమ్మా. ఎదురుగా ఉంటే మాట తెలుస్తుంది. మొహం అటు తిప్పుకుంటే ఉత్త గొణుగుడు."

ఆమె ముక్కాలిపీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయిన చలికాలం నుంచి అనుకో. ముందు పిట్టలు పోయాయి. తర్వాత బెల్లు. ఆ తర్వాత పాటలో పైవి ఒక్కొక్కటే. పాడే ఆవిడ సగం అక్షరాలు మింగేస్తోందనుకున్నాను. ఈ ట్వీటర్లలో పస లేదు, సరుకు నాసిరకం అనుకున్నాను. నా చెవే అని నాకెలా తడుతుందమ్మా? నలభై ఏళ్ళు దాని మీదే బతికానాయె."

"మరి ఆ మూడుసార్లూ..."

"నేనే. మధ్యాహ్నం మీరెవరూ లేనప్పుడు రోజూ ఒకే పాట పెట్టేవాణ్ణి. ఎక్కడ ఏది రావాలో నాకు తెలుసు. రాకపోతే ట్రెబుల్ కొంచెం పెంచేవాణ్ణి. ఇవాళైనా వస్తుందేమోనని గుబ్బ ఇంకొంచెం. చుక్క దాటేశాను, ఆఖరిదాకా తిప్పేశాను. నువ్వు ఫ్యూజు బిగించాక, పైశబ్దాన్ని అదే తినేస్తోందనుకుని అడ్డతీగ వేశాను. కాలిపోయిందని సాయంత్రం మీరు చెబితేగానీ నాకు తెలియలేదు. బతికున్నప్పుడే వినిపించనిది, చచ్చిందని నాకెలా తెలుస్తుంది?"

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకుంది. అడగాల్సింది ఇంకా ఒకటుంది, అది ఈ ఏడుపు కంటే పెద్దది.

"మీ అబ్బాయి పిల్లని అన్ని మాటలంటున్నప్పుడు మీరక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"అది ఏడుస్తూ సంచి సర్దుకుంటుంటే చూశారు."

"చూశాను."

"నోరు విప్పలేదే మామయ్యా! మీ మనవరాలు. మీ ఒళ్ళో పెరిగింది. అది మీ పేరు చెప్పలేదు, తెలుసా? ఇందాక అడిగితే కూడా చెప్పలేదు."

పెద్దాయన పై పంచతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"విప్పుదామనే నిలబడ్డానమ్మా. విప్పితే ఆ క్షణంతో ఈ స్టూలు పోతుంది. దీని మీంచి లేస్తే ఈ ఇంట్లో నేనెవర్ని? వేళకి తినే ముసలాణ్ణి. అది చెప్పుకోలేక పసిదాన్ని బలిచేశాను. దానికంటే నన్ను నాలుగు తన్నినా బాగుండేది."

నిజం చెప్పాలంటే నాకు ఈ పెద్దాయన మీద కోపం రావడం లేదు. రావాలి, వస్తే న్యాయం. చేతిలో పని ఉన్నంతవరకే మనిషికి ఇంట్లో చోటు అని భయపడే వాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళ భయం తప్పని ఎప్పుడూ గట్టిగా అనలేకపోయాను.

"మరి ఇన్నాళ్ళూ పాస్ అన్నవన్నీ?" అంది రిపేరమ్మ. అప్పుడు తట్టింది ఆమెకి. "ఎన్ని పెట్టెలు వెళ్ళాయి మామయ్యా ఈ గదిలోంచి! అవన్నీ ఎలా..."

"అందులో తేడా ఏమీ లేదు. ఒక్కటైనా తిరిగొచ్చిందా? గుర్తు చేసుకో."

రాలేదు. ఆమె ఎంత వెతుక్కున్నా ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

"శబ్దంలో ఎక్కడైనా గరగర ఉంటే నీ ఎడమ కనుబొమ లేస్తుందమ్మా. నీకు తెలియదు. అంతా సరిగ్గా ఉంటే పెదవి పక్కన కొంచెం నవ్వొస్తుంది. ఇందాక వచ్చినట్టు. నేను పెట్టెల్ని వినడం మానేసి ఏడాది కావస్తోంది. నిన్ను చూసి చెబుతున్నాను. పాస్ చేసిందంతా నువ్వే. నేను టిక్కు కొట్టానంతే."

ఆయన తన వంక చూస్తూ కూర్చోవడం అభిమానమనుకుంది ఇన్నాళ్ళూ. అభిమానమే కావచ్చు కూడా. ఇంక ఆపుకోలేక బావురుమంది. ఆయన కంగారుపడి, జిగురంటిన చేతిని పంచకి తుడుచుకుని, ఆమె తల మీద వేశాడు.

"ఊరుకోమ్మా. జిగురు ఆరిపోతోంది అక్కడ."

ఏడుస్తూనే నవ్వింది. "చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం మామయ్యా. ఈ రోజుల్లో చెవిలో పెట్టుకునే మిషన్లు ఎంత చిన్నవి వచ్చాయి! ఎవరికీ కనిపించవు కూడా."

"మనం ఈ గదిలో తీగచుట్టలు మార్చినట్టు మారుస్తాడా ఆ డాక్టరు? మారిస్తే చెప్పు, ఇప్పుడే వస్తాను" అన్నాడు. కానీ వద్దనలేదు. నిటారుగా కూర్చున్నాడు. "ముందు పిల్ల దగ్గరికి వెళ్తాను. దాని చేతులు పట్టుకుని చెబుతాను. సాయంత్రం వాడొచ్చాక వాడికి చెబుతాను. నువ్వు మాత్రం నోరు విప్పకు. నా నోటితో నన్ను చెప్పుకోనీ. నాకా మాటివ్వు."

"ఇచ్చాను మామయ్యా."

"అలా కాదు. వాడు ఎంత అడిగినా సరే."

"ఎంత అడిగినా సరే. మీరు చెప్పేదాకా నేను చెప్పను."

పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మనవరాలికి క్షమాపణ చెప్పడానికి ఇస్త్రీ చొక్కా ఏమిటని మీరు నవ్వొచ్చు, ఆయన మాత్రం చాలా శ్రద్ధగా బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. కోడలు చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. ఎన్నో నెలల తర్వాత ఆయన భుజాలు తేలికపడినట్టు ఆమెకనిపించింది.

ఆయన ఒక కాలు చెప్పులో పెట్టాడు. సరిగ్గా అప్పుడే బయట బండి ఆగింది. కొడుకు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. పొద్దున, ఊళ్ళో పెళ్ళిళ్ళూ సభలూ జరిగే పెద్ద హాలు మేనేజరు రమ్మంటే వెళ్ళాడు, ఏ కబురూ లేదు. ఇప్పుడు మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టుంది.

"నాన్నా!" తండ్రి రెండు భుజాలూ పట్టుకున్నాడు. "హాలు పని మనకి వచ్చేలా ఉంది! అక్కడ ఇరవై నాలుగు పెట్టెలున్నాయి. వాటిలో కొన్ని లోపల కాలినవట. ఏవేవో వాళ్ళకి తెలుసు, చెప్పరు. రేపు పదింటికి మీరు కూర్చుని విని, కాలినవేవో చెప్పాలి. అన్నీ సరిగ్గా చెబితే ఇకమీదట హాలు పనంతా మనదే. మీటర్లూ గీటర్లూ వద్దన్నారు నాన్నా. ఊరంతా పెద్దాయన చెవి, పెద్దాయన చెవి అంటుంటే విన్నాం, ఆ చెవినే చూస్తామన్నారు. పదిమంది ఉన్నారక్కడ. వాళ్ళ ముందు నేను ఎంత గర్వంగా నిలబడ్డానో మీకు తెలియదు."

రిపేరమ్మ మామగారి వంక చూసింది. చెప్పండి, ఇప్పుడే చెప్పేయండి అని కళ్ళతోనే మొక్కింది.

పెద్దాయన కొడుకు మొహం చూస్తున్నాడు. వాడు తనని చూసి అంత సంబరపడి ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకుంటున్నట్టుగా చూస్తున్నాడు. పెదవి కదిలింది.

"వస్తానని చెప్పరా" అన్నాడు.

"మామయ్యా!" అంది ఆమె.

"ఏమైందే?" అన్నాడు భర్త.

ఆమె భర్తను చూసింది, మామగారిని చూసింది. ఇచ్చిన మాట అడ్డుపడింది.

"ఏం కాలేదు" అంది.

పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చి, తప్పు చేసి పట్టుబడిన పిల్లాడిలా గొంతు తగ్గించాడు. "ఒక్క రేపటికే అమ్మా. అదయ్యాక అన్నీ చెప్పేస్తాను, ఒట్టు. నువ్వు నా ఎదురుగా నిలబడితే చాలు. నువ్వుంటే నాకు భయం లేదు."

కొడుక్కి ఆ ఆఖరి మాటలు వినిపించాయి. అప్పటికే అటు తిరిగి, బండి తాళాలు గోడకున్న మేకుకి తగిలిస్తున్నాడు. అలా అటు తిరిగే నవ్వాడు.

"తనెక్కడ నిలబడుతుంది నాన్నా! తలుపులు మూసేస్తారట. లోపల మీరొక్కరే ఉండాలి, మన మనుషులు ఇంకెవరూ గుమ్మం కూడా తొక్కకూడదు. అదొక్కటే వాళ్ళ షరతు."

రిపేరమ్మ గబుక్కున మామగారి వైపు తిరిగింది. ఆయన ఆమె వంకే చూస్తూ, ధైర్యంగా నవ్వుతూ ఉన్నాడు. గోడవైపు తిరిగి అన్న ఆ మాట ఆయనకి వినిపించలేదు.